అమ్మ కంట్లో ఏసుపాదం అన్నయ్య

నిన్న పొద్దున ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి ఫోన్ మోగుతోంది. వదిన.

"మీ అన్నయ్య లేవడం లేదమ్మా" అంది. అంతే.

ఆదివారం చర్చి మెట్ల మీద నవ్వుతూ పలకరించిన మనిషి. ఇంకా నమ్మలేకపోతున్నాను.

పొదిలిలో ఫొటో స్టూడియో నడిపిన ఏసుపాదం అన్నయ్య నాకు తోడబుట్టినవాడు కాదు. కానీ మా అమ్మను నాకు మిగిల్చింది ఆయనే.

నాలుగేళ్ళ క్రితం అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఎక్కువ రోజులు లేవని డాక్టర్ చెప్పేశారు. ఇంట్లో వెతికితే అమ్మ ఫొటో సరైనది ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో అసలు మనిషి పోలికే లేదు.

స్టూడియోకి రమ్మంటే అమ్మ ఒప్పుకోలేదు. "తీస్తే కల్లంలోనే తియ్యమను" అంది. జీవితమంతా మిరపకాయలు ఏరిన చోటు అది. ఆ ఘాటుకు దగ్గు ఎక్కువవుతుందన్నా వినలేదు.

అన్నయ్య మారుమాట లేకుండా బండి వేసుకుని వచ్చారు.

ఆయన అమ్మను కూర్చోబెడుతున్నారు. లెన్స్ మీద దుమ్ము కనిపించి, సాయం చేద్దామని నేను కొంగుతో తుడిచేశాను.

పొద్దుటి నుంచి తాలు మిరపకాయలు ఏరుతూ చేతులు తుడుచుకున్న కొంగు అది!

అన్నయ్య కెమెరా కంటికి పెట్టుకుని వెంటనే దించేశారు.

"ఏం చెల్లెమ్మా, కెమెరాకి కూడా కారం తినిపించావా? అంతా మసగ్గా ఉంది."

నాకు ఏడుపొచ్చింది. పొద్దు వాలిపోతోంది. రేపు అమ్మ లేచి కూర్చోగలదో లేదో.

ఆయన కోప్పడలేదు. చిన్న రబ్బరు బుడ్డి నొక్కి ముందు గాలి కొట్టారు. తరవాత మెత్తటి గుడ్డతో, పసిబిడ్డ కళ్ళు తుడిచినట్టు తుడిచారు. "ముందు ఊదాలి, తరవాతే తుడవాలి. లేకపోతే ఆ దుమ్మే గాజును గీరేస్తుంది" అన్నారు.

అప్పటికి వెలుతురు తగ్గింది. చెయ్యి కదిలితే ఫొటో అలుక్కుపోతుందని, కాయలు నింపిన టిక్కీ బస్తా మీద కెమెరా ఆనించి, మోచేతులు డొక్కలకు బిగించి వంగారు.

అమ్మకేమో దగ్గు ఆగడం లేదు. "ఆపుకోలేను నాయనా" అంది.

"మీరు దగ్గండి పిన్నమ్మా. ఆగేది నేను కదా."

దగ్గుకూ దగ్గుకూ మధ్య దొరికే ఒక్క క్షణం కోసం ఆయన ఊపిరి బిగబట్టి కాచుకున్నారు. వదిలి, మళ్ళీ బిగబట్టి. ఎన్నిసార్లో.

ఒక్కసారి నొక్కారు.

ఆ ఫొటోలో అమ్మ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. "కన్ను తేటగా వస్తే మనిషి వచ్చినట్టే చెల్లెమ్మా" అన్నారు. మూడు వారాలకు అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

నిన్న వాళ్ళింటికి వెళితే వదిన బీరువా అంతా వెతుకుతోంది. "ఊరందరికీ ఫొటోలు తీశారు. ఈయనదే మంచిది ఒక్కటీ లేదు" అని ఏడ్చింది.

ఎందుకో నా ఫోన్లో అమ్మ ఫొటో తెరిచాను. జూమ్ చేశాను. ఇంకా. ఇంకా.

అమ్మ కంటిపాపలో ఎర్రగా కాయల రాశి. దాని పక్కన టిక్కీ. టిక్కీ వెనక వంగి ఉన్న మనిషి.

నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న ఫొటో. ఎప్పుడూ అంత లోపలికి వెళ్ళలేదు. దేవా, ఎంత చిన్న చోట దాచి ఉంచావు!

ముఖం కనబడదు. వదిన చాలాసేపు చూసింది.

"ఆయనే. ఆ మోచేతులు చూడు" అంది.

ఇక ఊపిరి బిగబట్టే పని లేదు అన్నయ్యా. దేవుని సన్నిధిలో నెమ్మదిగా విశ్రమించండి.