రెండో లైను అందుకునేలోపు

2023 వేసవి. నంద్యాలలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో నెట్‌వర్క్ ఇంజనీరుగా ఉన్నాను. ఆళ్లగడ్డకు మాకు రెండు ఫైబర్ లైన్లు. రోడ్డు పనుల్లో ఒకటి తెగితే రెండోది వెంటనే అందుకోవాలి.

ఆళ్లగడ్డలో మా కస్టమర్లలో ఒక చిన్న ఆసుపత్రి ఉంది. గుండె డాక్టరు లేరు. నర్సు షమీమ్ ఈసీజీ తీసి కర్నూలు డాక్టరుకు పంపితే, ఆయన చూసి మందు చెప్పేవారు. ఒకరోజు ఒక లైను తెగి, రెండోది వెంటనే అందుకోక, ఛాతీ నొప్పితో వచ్చిన రైతు ఈసీజీ ఎంతకీ వెళ్లలేదు. ఆమె సెల్‌లో ఫొటో తీసి, సిగ్నల్ కోసం వీధిలోకి పరుగెత్తింది. మనిషి దక్కాడు. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"రెండు లైన్లుండాయంటిరి కదన్నా. ఒకటి తెగితే రెండోది ఏం చేస్తాండాది? నొప్పితో వచ్చినోణ్ని ఆగమనేదానికైతాదా?"

ఆ రోజే కారణం వెతకడం మొదలుపెట్టాను.

ఒక దారి మూసుకుపోతే ఆ కబురును రూటర్లు, అంటే డేటాకు దారి చూపే పెట్టెలు, ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఆ కబుర్లే అప్‌డేట్లు. చెప్పుకునే పద్ధతి బీజీపీ. ఏ రూటరు కబురును ఆపుకుంటోందో తేల్చాలి. వాటి గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు. అందుకని ఒకే ల్యాప్‌టాప్‌ను ఒక్కో రూటరుకు రెండువైపులా తగిలించి, అప్‌డేట్ లోపలికి పోవడం, బయటికి రావడం ఒకే గడియారంతో చూశాను. పరీక్షకని ఒక్క దారి ఉందని రూటర్లకు ప్రకటించి, తర్వాత లేదని వెనక్కి తీసుకున్నాను. అన్ని రూటర్లూ రెప్పపాటులో దాటించాయి. ఏమీ పాలుపోలేదు.

నిజంగా లైను తెగితే ఒక్క దారి కాదు, ఆ లైను మీదుగా వెళ్లే దారులన్నీ ఒకేసారి పోతాయని అప్పుడు తట్టింది. ఒక లైను పీకి చూడొచ్చా అని షమీమ్‌ను అడిగితే, రోగులు లేని వేళ చూసి ఆమే చెప్పింది: "ఇప్పుడెవురూ లేరు, పీకన్నా."

పీకాను. ఆళ్లగడ్డ రూటరు నీరసపడిపోయింది. ప్రపంచంలోని దారులన్నీ, లక్షల్లో, ఆ చిన్న పెట్టె మోస్తోంది. ప్రతిదానికీ కొత్త దారి వెతుక్కుంటోంది. నిజానికి దానికి కావాల్సింది ఒక్క ఆదేశం: ఏదొచ్చినా, ఉన్న లైను మీద నంద్యాలకు పంపు. మిగతావన్నీ తీసేసి మళ్లీ పీకాను. ఆసుపత్రి కంప్యూటర్లో పరీక్షకని షమీమ్ పెట్టుకున్న వీడియో ఆగలేదు.

వానాకాలంలో, రెండింటిలో రుద్రవరం వైపుగా వెళ్లే లైను నిజంగానే తెగింది. వెంటనే షమీమ్‌కు ఫోన్ చేశాను.

"తెగిందా? మాకేం తెలీలేదే. ఇప్పుడే ఒకామె ఈసీజీ పంపితిమి. భయం లేదనె డాక్టరు. ఇంటికి పోతాండాది."

మానిటర్ మీద ఎర్రగా వెలుగుతున్న ఆ లైనును చూస్తూ కాసేపు నిశ్చింతగా కూర్చున్నాను.

ఇప్పుడు ఎక్కడ రెండో లైను వేసినా, కస్టమరును పక్కన నిలబెట్టుకుని మొదటిది పీకి చూపిస్తాను. ఆ తర్వాతే బయల్దేరతాను.