బానెట్ మీద సుద్దగీత

శ్రీశైలం మనిషి మాటను నమ్మడు, సుద్దగీతను నమ్ముతాడు. కోరుట్లలో అతని కార్ల షెడ్డుకు ఎవరు వెళ్లినా ముందు కనిపించేది అతని చెవి మీది సుద్దముక్క. ఆ వెంటనే కనిపించేది, వచ్చినవాణ్ణి చూసి ముడుచుకునే అతని మొహం.

రోజూ టీ వచ్చే గ్లాసు మీద గీత ఉంటుంది, టీకొట్టువాడు తగ్గించి పోస్తే తెలిసిపోవాలని. ఇంట్లో పచ్చడి జాడీకి గీత. పెళ్లికి వెళ్తే విడిచిన చెప్పుల చుట్టూ గీత. ఒకసారి భార్య వసంత పుట్టింటికి పోయి మూడు రోజులకు తిరిగొచ్చేసరికి నూనె డబ్బా మీద మూడు గీతలున్నాయి.

"నేను లేనప్పుడు ఇంట్ల ఎవరున్నరయ్యా, గీతలు గీసినవు?" అందామె.

"నేనున్న గద! నూనె ఎక్కువ పోసుకుంటున్ననా అని సూసిన" అన్నాడు శ్రీశైలం.

తనను తానే నమ్మని మనిషితో కాపురం ఎట్లా చేయాలో చెప్పమని వసంత వాడకట్టంతా అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ జబ్బు అతనికి పుట్టుకతో రాలేదు. జగిత్యాలలో ప్రేమ్‌కుమార్ అనే దోస్తుతో కలిసి షెడ్డు నడిపిన రోజుల్లో, ఆ దోస్తు గిరాకీల బండ్లలోంచి మంచి సామాన్లు విప్పి పాతవి బిగించాడు. దొరికిపోయిన రోజు వేలు శ్రీశైలం వైపు చూపించాడు. అన్నా అన్నా అని పదిహేనేళ్లు వెంట తిరిగినవాళ్లు కూడా ఆ వేలునే నమ్మారు. అది తలుచుకుంటే ఎవరికైనా నోరు చేదవుతుంది. శ్రీశైలానికైతే ఆ చేదు మళ్లీ పోనే లేదు.

అతనికి సుద్దముక్కలు తెచ్చి ఇచ్చేది యోహాను సారు. సర్కారు బడిలో లెక్కలు చెబుతాడు. పాఠం చెప్పగా మిగిలిన ముక్కలు జేబులో వేసుకొచ్చి ఇస్తే శ్రీశైలం విరిచి చూసి మరీ తీసుకుంటాడు. సంతోషం అనే మాట అతని నోట వినాలని యోహాను ఎనిమిదేళ్లుగా ఎదురు చూస్తున్నాడు.

ఒక సోమవారం యోహాను తన పాత డీజిల్ అంబాసిడర్‌ను షెడ్డు ముందు ఆపాడు.

"అన్నా, బండి వణుకుతున్నది. నిలబెట్టినా వణుకుడే. బెల్టు రెండుసార్లు ఊడింది. జగిత్యాలల ఒకాయన ఇంజన్ కింది రబ్బర్లు మార్చిండు, అయినా తగ్గలే."

"వణుకుతున్నదని ఎవ్వడు జెప్పిండు?"

"నేనే జెప్తున్న గదనే!"

"నువ్వు జెప్తే నమ్మాల్నా? పక్కకు జరుగు."

శ్రీశైలం బానెట్ లేపాడు. ఇంజన్ ముందు భాగంలో బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీని గుడ్డతో తుడిచి, నడిమి ఇనుము నుంచి అంచు దాకా తిన్నగా ఒక గీత గీశాడు. స్టార్ట్ చేయమన్నాడు. రేజ్ చేయమన్నాడు. ఆపమన్నాడు. చూస్తే గీత రెండు ముక్కలైంది. నడిమి ముక్క ఉన్నచోటే ఉంది, అంచు మీది ముక్క రెండు వేళ్లంత పక్కకు జరిగింది.

"సూసినవా సారూ? నడుమ ఇనుము, అంచుకు ఇనుము, రెంటి నడుమ రబ్బరు. ఇంజన్ వణుకును మింగేది గా రబ్బరే. గది సచ్చింది. ఇప్పుడు లోపలిది ఒక తీరు తిరుగుతది, బయటిది దాని ఇష్టం."

"గట్లనే నడిపితే?"

"నడుపు. వేములవాడ దాటకముందే గా అంచు ఊడి రేడియేటర్‌ను కోస్తది. గప్పటికి ఆపకపోతే క్రాంకు ఇరుగుతది."

యోహాను అక్కడే స్టూలు మీద కూచుని సంగతంతా చెప్పాడు. ఈ కారును అతని తండ్రి కొమురయ్య ఇరవై ఎనిమిదేళ్లు నడిపాడు, బాపు రావు దొర దగ్గర డ్రైవరుగా. ఒక వానలో దొర కోసం కాచుకుంటూ కాసేపు వెనక సీట్లో నడుం వాల్చాడు. దొర చూసి, దింపి, నలుగురిలో సీటు కడిగించాడు. కొమురయ్య చేతనే కడిగించాడు. తర్వాత దొర కారు అమ్మేశాడు. అది ఇద్దరి చేతులు మారాక యోహాను వెతికి కొన్నాడు. ఇప్పుడు శుక్రవారం జగిత్యాలలో దొర మనవడు రోహిత్ పెళ్లి. సిరిసిల్లలో బిడ్డ దగ్గరున్న కొమురయ్యకు పత్రిక అందింది. పోతే ఆ బండిలో, వెనక సీట్లో కూచునే పోతానన్నాడు ముసలాయన. తెల్లచొక్కా ఇస్త్రీ కూడా చేయించుకున్నాడు.

ఇదంతా విని శ్రీశైలం కరిగిపోయాడనుకుంటే పొరపాటు.

"ముందల కూసున్నోడైనా, ఎనుక కూసున్నోడైనా, బండి ఆగినంక దిగి నూకుడే. గీ పుల్లీ ఇప్పుడు దొరకది."

"నాలుగు రోజులున్నయి గద. దేవుని దయ ఉంటే..."

"మీ దేవుడు గాని మా దేవుడు గాని పుల్లీలు జేస్తలేరు సారూ" అంటూ ఫోను తీశాడు. జగిత్యాలకు కొట్టాడు, సిరిసిల్లకు కొట్టాడు, మెట్‌పల్లికి కొట్టాడు. లేదన్న ప్రతివాణ్ణీ ఇంకోసారి చూసి చెప్పమని తిట్టాడు.

షెడ్డు మూలన టార్పాలిన్ కింద అతనిదే ఇంకో అంబాసిడర్ ఉంది. పాత ఇనుము కింద పోతుంటే తెచ్చి, తొమ్మిదేళ్లుగా ఒక్కో సామాను కోసం ఒక్కో ఊరు తిరిగి నిలబెట్టుకుంటున్నాడు. బానెట్ నుంచి మడ్‌గార్డ్ మీదికి ఒక గీత గీసి, రోజూ పొద్దున టార్పాలిన్ ఎత్తి చూసుకుంటాడు. దాన్ని ఎవరూ తాకకూడదు. వచ్చే దసరాకు అందులో తిప్పుతానని వసంతకు ఏటా మాటిస్తాడు. ఆ బండి పేరు ఎత్తే ధైర్యం యోహానుకు లేకపోయింది.

గురువారం ఫోన్ వచ్చింది. "దొరికింది. అచ్చి తోల్కపో."

యోహాను వెళ్లేసరికి పాత పుల్లీ నేల మీద పడి ఉంది, రబ్బరు పగుళ్లు నోళ్లు తెరిచి. కొత్తది బిగించి ఉంది. దాని మీదా గీత గీసి, ఇంజన్‌ను పావుగంట తిప్పి ఆపాడు. గీత చెక్కుచెదరలేదు. డాష్‌బోర్డు మీద పెట్టిన టీ కూడా తొణకలేదు.

"ఏడ దొరికిందన్నా?"

"జగిత్యాలల, పాత సామాన్ల దుకాణంల. బస్సుల నిలవడి పోయిన, నిలవడి అచ్చిన. నా నడుము ఇరిగింది. పాడు బండి!"

శుక్రవారం పొద్దున సిరిసిల్లలో కొమురయ్య వెనక సీటు ఎక్కాడు. అంచున కూచుని వేములవాడ దాకా బండిని నోటితో తనే నడిపాడు. "గేరు దించు! హారన్ గొట్టు! బర్రె ఉన్నది, బర్రె!" వేములవాడ దాటాక నెమ్మదిగా వెనక్కి ఆనుకున్నాడు.

"ఇంత మెత్తగుంటదని నాకెరుకనే లేదు కొడుకా" అన్నాడు. యోహాను కాసేపు అద్దంలోకి చూడలేకపోయాడు.

ఫంక్షన్ హాలు ముందు కొడుకు తలుపు తీసేదాకా కొమురయ్య దిగలేదు. బాపు రావు ఎదురొచ్చి కారును పోల్చుకున్నాడు.

"గీ బండి ఎవరిదిరా కొమురయ్యా?"

"ఎనుక కూసున్నోనిది దొరా."

బువ్వ తిన్నాక, బండిని బాగుచేసిన మనిషిని చూడాల్సిందేనని కొమురయ్య పట్టుబట్టాడు. అట్లా తండ్రీకొడుకులు కోరుట్ల చేరారు.

"ఇంజన్ నా చేతిల ఉన్నప్పటికంటె సల్లగ నడుస్తున్నది బిడ్డా" అన్నాడు కొమురయ్య.

"గట్ల అందరంటరు. నేను నమ్మ" అన్నాడు శ్రీశైలం.

మంచినీళ్ల కోసం మూలకు వెళ్లిన యోహాను ఆగిపోయాడు. టార్పాలిన్ పక్కకు జారి ఉంది. బానెట్ మీది గీత మడ్‌గార్డ్ మీది గీతతో కలవడం లేదు, అర వేలంత తేడా. బానెట్ ఎత్తాడు. పుల్లీ ఉండాల్సిన చోట గ్రీజు గుడ్డ కట్టి ఉంది.

"అన్నా, గీత జరిగింది."

శ్రీశైలం తల ఎత్తలేదు. "పిల్లి ఎక్కింది."

"పిల్లి బానెట్ లేపి, పుల్లీ ఇప్పి, గ్రీజు గుడ్డ గూడ కట్టిందా?"

"తెలివిగల్ల పిల్లి."

టీ తెచ్చిన వసంత పక్కున నవ్వింది. "నాకెరుకే సారూ. ఈ దసరా గూడ నడిచే పోతం."

ఏదైనా అంటే ఈ మనిషి నమ్మడు. అందుకే యోహాను బానెట్ దించి, జేబులోంచి సుద్దముక్క తీసి, పాత గీత తుడిచి, బానెట్ నుంచి మడ్‌గార్డ్ మీదికి కొత్త గీత గీశాడు.

శ్రీశైలం లేచి వచ్చాడు. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు.

"లెక్కల సారంట! గీత సక్కగ గీయరాదు."

తుడిచి మళ్లీ గీస్తాడని వసంత పాత గుడ్డ అందించింది. అతను ఆ గుడ్డతో మొహం తుడుచుకుని, ఆ వంకర గీత మీద టార్పాలిన్ కప్పేశాడు.