ఉస్తాద్ మేకుకు వేలాడిన నా హబ్బు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. గౌలిపురలో సైకిళ్ళు బాగుచేసే ఉస్తాద్ పోయాడని తెలిసిన పూటే, సైకిళ్ళ వాట్సాప్ గుంపులో ఒకరి వెనక ఒకరు దండాలు పెట్టేశారు. ఒకాయన కొవ్వొత్తి పక్కన సైకిల్ బొమ్మ కూడా పెట్టాడు. ఇరవై ఒక్క గేర్ల సైకిల్! ఉస్తాద్ జన్మలో ముట్టనని ఒట్టేసుకున్న జాతి అది. ఇంతమంది ఇంత ముచ్చటగా ఏడుస్తుంటే మధ్యలో నా గొంతెందుకని మూడు రోజులు గమ్మునున్నాను. నాలుగో రోజు ఎవరో "ఆయన ఎంతో ఓపికమంతుడు" అని రాశారు. ఇక నావల్ల కాలేదు.

ఓపికా? ఆయనకా?

జల్‌పల్లి కొత్త కాలనీ నుంచి ఒక కంప్యూటర్ ఉద్యోగి వచ్చిన రోజు నేనక్కడే చాయ్ తాగుతున్నాను. ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ కట్టించుకోవాలని సామాను అట్టపెట్టెలో తెచ్చాడు. తెలియనివారికి చెబుతున్నాను: మామూలు సైకిల్‌కి వెనక ఫ్రీవీల్ ఉంటుంది, కాళ్ళు ఆపినా చక్రం టిక్కుటిక్కుమని తిరుగుతుంది. ఫిక్స్‌డ్ గేర్‌లో అది లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరుగుతాయి. బ్రేకు నామోషీ అనుకునే మహానుభావులు పెడళ్ళను వెనక్కి అదిమి బండి ఆపుతారు. ఆ బరువంతా మోసేవి ఒక పళ్ళ చక్రం, ఒక చైను, చక్రం నడిమధ్య ఇరుసు మీద తిరిగే ఒక హబ్బు. అవి ఒకదానికొకటి కుదరకపోతే మనిషి నేల మీద ఉంటాడు.

ఉస్తాద్ పెట్టె విప్పాడు. బంగారు రంగు చైను, ఊదా రంగు పళ్ళ చక్రం.

"రంగు జూసి కొన్నవా, పళ్ళు జూసి కొన్నవా?"

"రివ్యూలు చూసే కొన్నానండీ."

"గా రివ్యూ రాసినోణ్నే బిగియ్యమను. పళ్ళు లావున్నయి, చైను సన్నగున్నది. సన్న వేలికి లావు ఉంగరం వెడితె ఒదులైతది గాని ఉంటది. లావు వేలికి సన్న ఉంగరం ఎక్కుతదా? ఎవ్వలి పెండ్లిల జూసినవ్ గట్ల?"

ఆ పెద్దమనిషి ముఖం చైను రంగులోంచి చక్రం రంగులోకి వచ్చింది. ఇదీ ఉస్తాద్ ఓపిక.

కానీ ఆయన చేసే పద్ధతి చూడండి. ముందు పళ్ళ చక్రం నుంచి వెనక పళ్ళ చక్రం దాకా నల్లదారం ఒకటి బిగబట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. దారం వెంట్రుకవాసి పక్కకు పోయినా పానా పట్టేవాడు కాదు. చాయ్ చల్లారిపోనీ, మనిషి బతిమాలనీ, దారం తిన్నగా రావాలి. "కండ్లు అబద్ధం జెప్తయి, దారం జెప్పదు" అనేవాడు. కుదరని సామానును అదే నల్లదారంతో గోడకున్న మేకులకు వేలాడదీసేవాడు. తిరిగి కావాలంటే కొన్న మనిషి దుకాణంలో నిలబడి, అప్పుడక్కడ ఉన్నవాళ్ళందరి ముందూ "చూడకుండ కొన్న" అనాలి. అంతే. జల్‌పల్లి ఉద్యోగి మర్నాడే వచ్చి, నవ్వుతూ అనేసి, తన ఊదా చక్రం పట్టుకుపోయాడు. అలాంటివాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. తప్పొప్పుకోవడం అంత సులువా?

నా సంగతి వేరు మరి. బడి చదువు ఎనిమిదితో సరి. ఆ తర్వాత ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చి బతికాను. లోకజ్ఞానమంతా ఆ ముక్కల మీద తలకిందులుగా, అద్దంలో చూసినట్టు చదివి సంపాదించిందే. అలా చదువుకున్నవాడికి పొగరు ఎక్కువ, ఎందుకంటే ఎవరూ వాడికి మార్కులు వేసి ఉండరు. రిటైరయ్యాక నాకూ ఫిక్స్‌డ్ గేర్ పిచ్చి పట్టింది. సామానంతా నేనే ఎంచుకున్నాను.

ఉస్తాద్ నా హబ్బును అటూ ఇటూ తిప్పి చూశాడు. "భాయ్, గిది ఫ్రీవీల్ హబ్బు. పళ్ళ చక్రం ముందుకు తొక్కుతె బిగుస్తది, ఎనకకు అదిమితె ఊడుతది. ఊడకుండ లాక్ రింగ్ గావాలె. గా రింగుకు ఉల్టా మర ఉండాలె. గీ హబ్బుకు గది ఏది? బతుకంత ఉల్టా సదివినోనివి, ఉల్టా మర లేనిది కనవడలేదా?"

నలుగురి ముందు అన్నాడు. హబ్బు లాక్కుని ఇంటికి పోయాను. హబ్బు మరలకు జిగురు పూసి నేనే పళ్ళ చక్రం బిగించాను. పన్నెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఉస్తాద్ దుకాణం ముందు నుంచి కావాలని రెండుసార్లు తొక్కాను కూడా.

పదమూడో పొద్దున గౌలిపుర వాలులో పాలామె బర్రె ఎదురొచ్చింది. అది తన దారిన తను పోతోంది. పెడళ్ళను వెనక్కి అదిమాను. టక్కుమని జిగురు వదిలింది. పళ్ళ చక్రం మరల మీద ఊరికే తిరిగింది, కాళ్ళు గాలిలో తిరిగాయి. నేను పోయి దారి పక్కన పెట్టి ఉన్న ఆమె పాల క్యాన్ల మీద పడ్డాను. భుజం ఎముక విరిగింది.

"ఏమైంది?" అని జనం అడిగితే, "బర్రె మీదికొచ్చింది" అన్నాను. నోటికి అదే వచ్చింది.

పాలామెను బస్తీ అంతా తిట్టింది. ఆమె నాకు దండం పెట్టి, నెలరోజులు మా ఇంటికి పాలు ఊరికే పంపింది. తాగాను.

ఉస్తాద్ నా సైకిల్‌ను తోపుడుబండి మీద తన దుకాణానికి తెప్పించుకున్నాడు. సరైన హబ్బు వేసి, ముందు బ్రేకు కూడా పెట్టి పంపాడు. నా పాత హబ్బును మేకుకు తగిలించాడు. జిగురు ముద్ద చూసినవాడికి కథ తెలిసిపోతుంది, కానీ ఆయన ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు: "నాకు జెప్పకు భాయ్, నాకెరుకే. పాలామె దినాం పొద్దుగాల గీ దుకాణం ముందలికెళ్ళే వోతది. గామె ఇనంగ జెప్పి తీస్కపో."

తొమ్మిదేళ్ళు ఆ హబ్బు కింద కూర్చుని చాయ్ తాగాను. పాలామె రోజూ దాటిపోయేది, నేను రోజూ కప్పులోకి చూసేవాణ్ణి. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగితే పోట్లాడేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు, అదీ ఆయన మొండితనం. ఆయన బిగించిన హబ్బు మీదే ఈ తొమ్మిదేళ్ళూ మలక్‌పేట దాకా పోయి వస్తున్నాను. ఒక్కనాడు సడలలేదు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పలేదు.

ఓపికమంతుడని చదివిన రోజు దుకాణానికి వెళ్ళాను. ఉస్తాద్ తమ్ముడు సామాను గోనెసంచుల్లో వేస్తున్నాడు. నిలబడి, "చూడకుండ కొన్న" అన్నాను. తమ్ముడి చెవి దగ్గర ఫోను ఉంది. ఆగమని చెయ్యి చూపించాడు. ఆగాను. ఫోను పెట్టేసి, "ఏమంటిరి?" అన్నాడు. మళ్ళీ అన్నాను. "తీస్కపోండి, ఏదైతేంది" అని నల్లదారం కోసి హబ్బు చేతిలో పెట్టాడు. దాని మర మీద జిగురు ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున దాన్ని పట్టుకుని పాలామె ఇంటికి వెళ్ళాను. ఆ రోజు బర్రె తప్పు లేదని, నేను జిగురుతో అతికించిన పళ్ళ చక్రం ఊడిందని, అంతా నేనే చేశానని చెప్పాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ విన్నది.

"గా బర్రెనా? గది గప్పుడే అమ్మేస్తిమి గదన్నా," అంది. "మనుషుల మీదికి వస్తదని."

ఇంట్లోకి వెళ్ళి చెంబుతో పాలు తెచ్చి ఇచ్చింది. హబ్బును జేబులో పెట్టుకుని, రెండు చేతులతో చెంబు పట్టుకుని ఇంటికి వచ్చాను.