దుమ్ము తగలని ఫ్యాను

మా పెద్దనాయన పోయాడని నగరి నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. తిరుపతి నుంచి బస్సులో వెళుతూ దారి పొడవునా మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను.

ఇంటి ముందు జనం. "కరెంటు మగ్గాలు పెట్టి ఒకనాడన్నా బ్యాంకు గడప తొక్కలా. మానంగా బతికినాడప్పా" అని మెచ్చుకుంటున్నారు. అందరికంటే పెద్ద దండ తెచ్చింది నూలు షావుకారు. ఎందుకు తేడు? మా పెద్దనాయన జన్మంతా ఆయన దగ్గరే నూలు అరువు తెచ్చి, నేసిన గుడ్డ ఆయన చెప్పిన ధరకే ఇచ్చాడు. బ్యాంకులో అప్పు తీసుకుని నూలు నగదుకు కొనుక్కో, గుడ్డ నచ్చిన చోట అమ్ముకో అని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు.

"బ్యాంకోడు మగ్గాలు సూడ్డానికొస్తే వీధంతా సూస్తాది అమ్మణ్ణీ. షావుకారు కాడైతే మూడో కంటికి తెలీదు" అనేవాడు.

మా పెద్దనాయన చెడ్డవాడు కాదు. మా నాయన పోయాక నన్ను చదివించి టీచర్ని చేసింది ఆయనే. మగ్గాల షెడ్డులోంచి కనుబొమల నిండా తెల్లటి దూదితో బయటికొచ్చి, "సూడు, ఒక్క పూటకే ముసిలోడైపోయినా" అని నన్ను నవ్వించేవాడు. రానురాను ఆ నవ్వుకు దగ్గు తోడైంది. దూది ధూళి ఊపిరితిత్తుల్లో చేరిందని, షెడ్డులోంచి దుమ్ము బయటికి పోయే దారి చూడమని డాక్టరు చెప్పాడు.

నా జీతంతో, గోడలో బిగిస్తే దుమ్మును బయటికి లాగే పెద్ద ఫ్యాను కొని తీసుకెళ్ళాను. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గుడ్డ నేస్తాదా?" అన్నాడు.

"నిన్ను బతికిస్తాది పెద్దనాయనా."

"గోడ పగలగొట్టాలంటే మగ్గాలాపాల. మగ్గాలాపితే షావుకారు ఊరుకుంటాడా? ఉండనీలే, కొత్త వస్తువు. అవసరానికి అమ్ముకున్నా నాలుగు దుడ్లొస్తాయి."

అదీ ఆయన లెక్క. పెద్దమ్మ మెడలో గొలుసైనా, నేను కొన్న ఫ్యానైనా, కష్టమొస్తే అమ్ముకోవడానికే. వాడుకుని బాగుపడటానికని ఏదీ ఉంచుకోలేదు. ఊపిరిని మాత్రం ఊరికే ఖర్చు పెట్టేశాడు. నాకు ఆయన మీద కోపం. దాన్నే మానంగా బతకడమని మెచ్చుకునే ఆ వీధి మీద అంతకంటే కోపం.

పెద్దకర్మ మరునాడు షెడ్డులోకి వెళ్ళాను. షావుకారు పంపిన నూలు కట్టలు అప్పుడే దిగాయి, మగ్గాలు ఆడుతున్నాయి. పెద్దమ్మ ఆయన తువ్వాలును ముక్కుకు కట్టుకుని మగ్గం దగ్గర నిలబడి ఉంది. మూలన పాత పంచె కప్పిన పెట్టె, దాని మీద ఆయన ఫొటో. పంచె అంచు ఎత్తి చూశాను. నేనిచ్చిన ఫ్యానే. పెట్టెకు అంటించిన టేపు కూడా ఊడదీయలేదు.

"పంచె తియ్యబాక అమ్మణ్ణీ" అని పెద్దమ్మ మగ్గాల హోరులో గట్టిగా అరిచింది. "దుమ్ము పడతాదని మీ పెద్దనాయనే కప్పి పెట్టినాడు."

చెప్పి, దగ్గింది. ఫొటోలో ఆయన కనుబొమల మీద అప్పుడే తెల్లటి దూది పేరుకుంటోంది.