నీలి దారం కట్టింది నేనే

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. పోయిన నా మొగుడికి చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నిదానంగా చదవండి. తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, వాక్యం ఒక చోట ఎత్తుకుని ఇంకో చోట దించుతుంటాను.

ఒక మనిషికి తన కళ్ల మీద ఉన్న నమ్మకాన్ని నేను పోగొట్టాను. ఆమెను రూతమ్మ అంటాను. అసలు పేరు అది కాదు.

మాది కర్నూలు జిల్లాలో, ఓర్వకల్లు గుట్టలు దూరంగా కనిపించే మెట్ట ఊరు. కొర్రలు, జొన్నలు పండే చేలల్లోకి ఒక ఏడు విత్తన పత్తి వచ్చింది. రెండు రకాల పత్తిని కలిపి కొత్త విత్తనం పుట్టించాలి. కలిపే పని ఆడవాళ్లది. క్రాసింగ్ అనేవాళ్లం. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులనూ లోపలి మగ భాగాన్నీ ఒలిచేయాలి. ఆడ భాగానికి గోరు తగలకూడదు. ఒలిచినదానికి ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున రెండో రకం చెట్ల, అంటే మగ చెట్ల, పువ్వులు తెచ్చి, వాటి పుప్పొడి దానికి రుద్ది, తొడిమకు దారం కట్టాలి. ఒలవడం మరిచిన మొగ్గ తెల్లారి తనంతట తానే విచ్చుకుని తన పొడి తానే అంటించుకుంటుంది. దాన్ని తుంచి పారేయాలి. ఉంచితే పుట్టేది పాత విత్తనమే.

మొదటిరోజు కంపెనీ మనిషి మా మొహాలు చూడకుండా చెప్పాడు. "ఈ పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయమ్మా. మగదాన్ని తీసేయాల."

"ఈ పని ఇంట్లో గూడా చేసుకోవచ్చునా సామీ?" అంది రూతమ్మ. చేనంతా నవ్వింది. అతను గొడుగు చాటుకు పోయాడు.

రూతమ్మ నాకంటే పెద్దది. చదువు వచ్చిన మనిషి. ఆదివారం చర్చిలో లేచి నిలబడి బైబిలు చదివేది. ఆమె ఒలిచిన మొగ్గ గుడ్డు ఒలిచినట్టుండేది. "రూతమ్మ చెయ్యి చూసి నేర్చుకోండే" అని చేను ఆసామి రోజూ అనేవాడు.

ఎవరి పని ఎవరిదో తెలియాలని ఆసామి ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం ఇచ్చాడు. కాయలు కూడా రంగును బట్టి వేరే సంచుల్లోకి తీయించాడు. రూతమ్మది నీలం, నాది తెలుపు. ఇద్దరం ఒకే సాలుకు చెరో పక్కా నడిచేవాళ్లం. ఆదివారం పొద్దున ఆమె చర్చికి పోతే, ఆమె పువ్వులకూ నేనే పొడి రుద్ది నీలి దారం కట్టేదాన్ని. ఆసామికి తెలియదు. అది మా ఇద్దరి మధ్య మాట.

ఒక శనివారం నా బొటనవేలికి గోరుచుట్టు లేచింది. చెబితే ఇంటికి పంపేస్తారు, నా సాలు ఇంకొకరికి పోతుంది. చెప్పలేదు. ఒలుస్తున్నట్టు వంగి వంగి నడిచాను. పొద్దున చూస్తే నా పక్క చెట్ల మొగ్గలన్నీ విచ్చుకుని ఉన్నాయి. ఒక్క పువ్వుకూ ఎర్ర కాగితం లేదు. తుంచితే కుప్ప కనబడుతుంది. తెల్ల దారం కడితే నా పేరు. నా ఒడిలో రెండు దారపు ఉండలు ఉన్నాయి.

నీలం తీశాను.

భయంతోనే తీశానా? ఆసామి ఆమెను మెచ్చుకున్న ప్రతిసారీ నా కడుపులో రగిలేది, ఆ మంటతో తీశానా? భయమే అయితే గోరు మానాక ఎందుకు చేశాను? అవును, మానాక కూడా ఒక ఆదివారం అలాగే చేశాను. ఆ రోజుకు నా దగ్గర ఏ సాకూ లేదు. ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు.

రేకులు రాలిపోతే ఒలిచిన పువ్వుకూ ఒలవనిదానికీ తేడా ఉండదు. కాయ ఒకటే. ఇక బయటపడదు అనుకున్నాను. ప్రతి సంచిలోంచి పిడికెడు గింజలు తీసి, విత్తి, మొలిపించి చూస్తారని నాకు తెలియదు.

నీలం సంచి గింజల్లో కొన్నిటికి పాత తల్లి మొక్కలే వచ్చాయి. కొన్ని కలిసినా సంచి మొత్తం పనికిరాదన్నారు.

"కండ్లు యాడ పెట్టుకోని చేసినావు రూతమ్మా?" అని ఆసామి అందరి ముందూ అడిగాడు. ఆమె ఆదివారాల సంగతి ఎత్తలేదు. ఎత్తితే నన్ను చూపించినట్టు అవుతుందని అనుకుందో ఏమో. ఇంటికి పోయే దారిలో మాత్రం అడిగింది.

"మే, ఆదివారం నువ్వు కట్టినవాటికి అన్నిటికీ ఎర్ర కాయితం ఉండెనా?"

"ఉండె అక్కా."

"నిజం చెప్పు. నేనేమీ అనను."

అప్పుడు చెప్పొచ్చు. దారిలో మేమిద్దరమే. నేనేమన్నానో చూడండి.

"కాయితం ఉండె గానీ, శానా వాటికి మగది సగం సగం మిగిలే ఉండె అక్కా. నాకు చేతనైనంత గీకినా. చెప్తే బాధపడతావని చెప్పలే. నీకు కండ్లు మసకబారినట్టుండాది."

ఆమె నిలబడిపోయింది. రెండు చేతులూ మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.

"అట్లనా," అంది. "నాకు తెలీకనే పాయనా."

తర్వాత ఆమెను ఎవరూ క్రాసింగుకు పిలవలేదు. అది ఒక్కటే అయితే నేను ఇంత కొట్టుకునేదాన్ని కాదేమో. ఆమె చర్చిలో చదవడం మానేసింది. తప్పు చదివితే దేవుని మాట చెడుతుందని. సూదిలో దారం పక్కింటివాళ్ల చేత ఎక్కించుకునేది. గుమ్మం దాటేటప్పుడు గోడ పట్టుకునేది, కళ్లు బాగున్న మనిషి. ఊళ్లోకి కంటి డాక్టర్లు వస్తే నేనే తీసుకుపోయాను. ఏ జబ్బూ లేదన్నారు. చదివేటప్పుడు పెట్టుకొమ్మని అద్దాలు ఇచ్చారు.

"డాక్టరు అద్దం పెట్టి చూసినాడు," అంది ఆమె వచ్చేటప్పుడు. "చెట్టు మొలిచి చెప్పింది గదా మే. చెట్టుకు నా మింద పగ ఉండాదా?"

అద్దాల డబ్బా పట్టుకుని నేను పక్కనే నడిచాను.

పరీక్ష చేసినవాళ్లను నేను తప్పుపట్టను. ఆ పువ్వును ఎవరూ ఒలవలేదని గింజ నిజమే చెప్పింది. ఒలవనిది ఎవరో చెప్పాల్సింది దారం. ఆ దారం నా చేతిలో ఉండింది. మనిషి ఎంత దూరం కనిపెట్టాడు! గింజ తన తండ్రి ఎవరో దాచుకోలేకపోయింది. నేను దాచుకోగలిగాను. నన్ను ఏ నేలలో విత్తితే బయటపడేదాన్ని?

తనకు బైబిలు చదివి వినిపించే మనిషి కావాలని, నాకు అక్షరాలు నేర్పింది ఆమే. నేను ఆ దేవుణ్ణి కొలిచేదాన్ని కాదు. అయినా కాదనలేకపోయాను. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. అన్నేళ్లూ వేలిముద్ర వేసిన బొటనవేలు, గోరు కత్తిరించుకుని బలపం పట్టింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమె అరుగు మీద కూర్చుని చదువుతాను. నేను తడబడిన చోట ఆమె పుస్తకం వైపు చూడకుండానే మాట అందిస్తుంది. నోటితో చెప్పలేను, రాయడం రాదు అని ఎన్నేళ్లో నాకు నేను చెప్పుకున్నాను. ఆ రెండోదాన్ని ఆమే తీసేసింది.

ఆమె ఏమంటుంది? క్షమించమని అడగబోవడం లేదు. ఆమె పోగొట్టుకున్న ఏళ్లకు నా దగ్గర బదులు లేదు. రాసేశాను. గొంతులోది కాగితం మీదికి వచ్చింది. ఊపిరి కొంచెం ఆడుతోంది, అది కూడా ఆమెకు అన్యాయమేనేమో.

రేపు మధ్యాహ్నం ఆమె "చదువు మే" అంటుంది. నేను చదవను. గూట్లోంచి అద్దాల డబ్బా తీసి, మీకని మొదలుపెట్టిన ఈ కాగితంతో పాటు ఆమె ఒడిలో పెడతాను. ఆమె కోసం ఏది రాసినా అక్షరాలు పెద్దవిగా రాయడం నాకు అలవాటు. వీటిని మామూలుగానే రాశాను.