కడప దారిలో బ్యాటరీని తాగిందెవరు?

మా బావ శివారెడ్డి కారు ఒక్క రాత్రి నిలబెడితే చాలు, తెల్లవారేసరికి బ్యాటరీ చచ్చి ఉండేది. పోయిన వారం కడప కచేరీ ముందు, పదిమంది చూస్తుండగా, కారును తోయించుకోవలసి వచ్చింది. "డ్రైవరు ఖాసిం పనే ఇది. రాత్రిళ్లు దీపాలేసుకొని కార్లో పండుకుంటాండాడు. ఇంకోతూరి ఇట్లయితే తీసేస్తా" అన్నాడు. నువ్వు చూశావా అని అడిగాను. "చూసేదేముండాది? వాళ్ల సంగతి తెలీదా?" అన్నాడు. ఆ "వాళ్లు" అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. నాకు కర్నూలులో పని ఉంది, ఆ కారులోనే పోయివస్తాను, తప్పెవరిదో తేలుస్తాను, అంతదాకా ఆగమన్నాను.

కర్నూలులో ఆ రాత్రి తాళంచెవి నా దిండు కిందే ఉంది. ఖాసిం నా గది వరండాలోనే పడుకున్నాడు. అయినా పొద్దున ఆరింటికి బ్యాటరీ చచ్చే ఉంది. అతను హ్యాండిలు తిప్పి తిప్పి, చొక్కా తడిసిపోయాక స్టార్టు చేశాడు. ఎనిమిదిన్నరకు నంద్యాల, పదిన్నరకు ఆళ్లగడ్డ. అక్కడ రెండణాల కాఫీ బాగుంటుంది. అక్కడి నుంచి రోడ్డంతా గుంటలు, దుమ్ము. మైదుకూరు చేరేసరికి పన్నెండు దాటింది.

ఒక వేపచెట్టు నీడలో కారు ఆపించి, "కారణం దొరక్కుండా కడప చేరితే నీ పని పోతుంది ఖాసిం. ఇక్కడే చూద్దాం" అన్నాను.

అతను బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, ఆ సందులో చిన్న బల్బు కలిపాడు. తాళంచెవి బయటికి తీసే ఉంది, దీపాలన్నీ ఆర్పే ఉన్నాయి. అయినా బల్బు వెలిగింది.

"చూడండయ్యా, ఏదో ఒకటి కూచోని తాగుతాండాది."

హారను తీగ ఊడదీశాడు, హెడ్‌లైట్ల తీగ ఊడదీశాడు, చివరికి డైనమో తీగ కూడా. బల్బు ఆరలేదు. ఖాసిం చేతులు తుడుచుకుని లేచాడు.

"అయిపోయినాయా?"

"నేను ముట్టుకొనేటివి అయిపోయినాయి."

స్టీరింగు పక్కన చిన్న కొయ్య మందిరం, దానికి తలుపులు. దసరా ఆయుధపూజనాడు మా అక్క చెప్పి పెట్టించింది. తలుపు తెరిచాను. వెంకటేశ్వరస్వామి పటం ముందు ఎర్రబల్బు వెలుగుతోంది. దీపం కొండెక్కకూడదని తీగను నేరుగా బ్యాటరీకే కలిపించింది. నేను ఆ తీగ లాగగానే ఖాసిం చేతిలోని బల్బు ఆరిపోయింది.

"నీకు తెలుసా?"

"అనుమానం ఉన్నింది. అది పెట్టేనాడు నన్ను ఎడంగా నిలబడమన్నారు. ముట్టొద్దన్నారు. దేవుని దీపం బ్యాటరీని తాగుతాండాదని నేను చెప్తే, ఈ ఖాసిం గాడు దేవుని మీద నెపం పెడతాండాడంటారు. దానికన్నా తప్పు నామీదేసుకునేదే మేలు గదయ్యా."

మూడింటికి కడప చేరాం. తెల్లారి బావ ఎదుటే స్టార్టరు నొక్కితే కారు ఒక్క దెబ్బకు కదిలింది. ఎర్రదీపం సంగతి చెప్పాను. బావ మందిరం తలుపు మూసేసి, "సరే, నువ్వు పనిలో ఉండు ఖాసిం. ముందే చెప్పింటే ఇంత రభస ఉండేదా?" అన్నాడు.

"ముట్టొద్దన్నదాన్ని గురించి ఎట్లా చెప్తునప్పా?" అని ఖాసిం తాళంచెవి అరుగు మీద పెట్టాడు. "కారు బాగుండాది. ఇంకొకణ్ణి చూసుకోండి."

నేను అతన్ని ఆపలేదు. సమానత్వం గురించి సభల్లో గంటలు గంటలు మాట్లాడే మనిషిని. నేను మాత్రం తక్కువవాణ్ణా? కర్నూలులో తాళంచెవి నా దిండు కింద పెట్టుకున్నది అతన్ని నమ్మా? ఆచారం పేరుతో ఒక మనిషిని ఎడంగా నిలబెట్టి, ఆ ఎడంలో జరిగిన తప్పుకు అతన్నే జవాబు చెప్పమంటాం. దీన్ని అన్యాయం అనకపోతే ఇంకేమనాలో మా బావను సమర్థించేవాళ్లే చెప్పాలి.

కారులో దూరం పోయేవారికి ఒక మాట. బ్యాటరీ ఊరికే చస్తూంటే మనుషులను అనుమానించకముందు తీగ ఊడదీసి బల్బు కలిపి చూడండి. డ్రైవరును ముట్టుకోవద్దన్న చోటు ఏదైనా ఉంటే, మొదట అక్కడే వెతకండి.