గీత ఆకాశం వైపు ఉండాలి

పెన్సిలాయన అంటే ఆనకట్ట దగ్గర తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లు గేట్లు ఎత్తి దించి రిటైరైన ఆ మనిషి చెవి మీద పెన్సిలు లేకుండా గడప దాటింది లేదు. కవిత్వం రాస్తాడు కాబోలు అనుకునేరు! సంతకం పెట్టాలన్నా చెమటలు పట్టే ఘటం ఆయన. ఆ పెన్సిలు తాబేటి గుడ్ల కోసం.

పదకొండేళ్ల కిందటి మాట. గేట్లు ఎత్తితే దిగువనున్న ఇసుక తిన్నె మునిగిపోతుంది. ఆ తిన్నెలో ఒక తాబేలు మూడు వారాల ముందు ఇరవై మూడు గుడ్లు పెట్టి పోయింది. అయ్యో పాపం అనుకుని, ఎవరూ అడక్కుండానే ఈయన పరుగున వెళ్లి తవ్వాడు, బకెట్లో పోసుకున్నాడు, గట్టు మీద పూడ్చాడు. ఇంటికొచ్చి పెళ్లాం దగ్గర గొప్పలు కూడా పోయాడు. మూడు నెలలైనా ఒక్క పిల్లా బయటికి రాలేదు. చివరికి ఒక గుడ్డు పగలగొట్టి చూశాడు. లోపల గోరంత పిల్ల, నల్లటి కళ్లతో సహా.

తాబేళ్ల మీద పనిచేసే ఒక మేడమ్ తరువాత వచ్చి సంగతి చెప్పింది. కోడి తన గుడ్లను తిప్పుతూనే పొదుగుతుంది. తాబేటి గుడ్డు అలా కాదు, కుదురుకున్నాక దొర్లితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. బంతిలా గుండ్రటి గుడ్డుకు పైనేదో కిందేదో ఎవడికి తెలుస్తుంది? అందుకని కదపకముందే పైభాగాన పెన్సిలుతో గీత పెట్టాలి. ఆ గీత ఎప్పుడూ ఆకాశం వైపే ఉండాలి.

మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే మరి. నీళ్లు ముంచి ఉంటే తప్పు నదిది అయ్యేది. బకెట్లో దొర్లించి చంపినవి తన చేతులు. అప్పటి నుంచి ఆయనకు గీరుతున్న చప్పుడు వినిపిస్తుంది. భోజనం చేస్తుంటే కంచం కింద, బట్టలు తీస్తుంటే బీరువా వెనక, చిన్న చిన్న గోళ్లతో, లోపలి నుంచి. ఇంట్లో బకెట్టు కనిపిస్తే బోర్లించేస్తాడు. "ఇంతకన్నా మీకు చెవుడొచ్చినా బాగుండేది" అంటుంది భార్య. ఆవిడకు నోటి దురుసే గానీ, నీళ్లు వాడాక బకెట్టు బోర్లించడం ఏనాడూ మరవలేదు.

ఇసుక లారీలు తిన్నెలను మింగేశాక తాబేళ్ల రాక తగ్గిపోయింది. లారీలకు అడ్డంగా పడుకుని మరీ ఆయన ఒక్క తిన్నె మిగిల్చాడు. ఈ ఏడు దాని మీదికి ఒక్కటంటే ఒక్క తాబేలు ఎక్కింది. పందొమ్మిది గుడ్లు. అవి పోతే ఈ నదికి ఈ ఏడు పిల్లలే లేవు.

పదిహేను రోజులు గడిచాయో లేదో, పొద్దున్నే ఇంజనీరు ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, పదకొండింటికి నీళ్లు వదులుతున్నాం."

"రెండు నెలలు ఆగండి సార్."

"బాగుంది వరస! వానలు నీ తాబేలుని అడిగి పడతాయా? మూడు గంటల టైముంది. తీసుకెళ్తావో, మానేస్తావో."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. రెండేళ్లుగా వణుకు. కాఫీ గ్లాసే నిలవదు, గుడ్డెలా నిలుస్తుంది? దర్జీ పని చేసే కూతురి చెయ్యి మాత్రం సూది మీద రాయిలా నిలుస్తుంది.

"నేను గుండీలు కుట్టేదాన్ని నాన్నా, మంత్రసానిని కాదు" అంది ఆ పిల్ల.

"ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. పద."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అంటూనే చెప్పులేసుకుంది.

తిన్నె మీద ఆయన ఇసుక తోసి, వణికే చేత్తోనే ఒక్కో గుడ్డు మీద గీత పెట్టాడు. ఆమె ఊపిరి బిగబట్టి తీసి, ఇసుక నింపిన పెట్టెలో పెట్టింది. పద్నాలుగోది చేతిలో ఉండగా ఆనకట్ట మీద సైరన్ మోగింది. ఆమె ఉలిక్కిపడింది. గుడ్డు అరచేతిలో పల్టీ కొట్టింది, గీత కిందికి పోయింది. గబుక్కున గీత పైకి తిప్పి పెట్టేసి, తండ్రి వైపు చూసింది. ఆయన ఇసుక తోస్తున్నాడు. ఆయన చూశాడు. చూడనట్టు ఇసుక తోస్తూనే ఉన్నాడు.

గట్టు మీద పూడ్చి ముళ్లకంప కట్టారు. రెండు నెలలు దాటాక ఒక తెల్లవారుజామున ఇసుక కదిలింది. పద్దెనిమిది పిల్లలు నీళ్లలోకి బిలబిలమంటూ దిగిపోయాయి. ఆమె ఆనందానికి హద్దు లేదు, చప్పట్లు కూడా కొట్టింది. ఆ తరువాత గుంట అడుగున చెయ్యి పెట్టింది. ఒక్క గుడ్డు మిగిలి ఉంది, గీతతో సహా.

ఆమె మొహం పాలిపోయింది. "నాన్నా... ఆ రోజు సైరన్ మోగినప్పుడు..."

"సైరన్ కాదు, గాడిదగుడ్డూ కాదు" ఆయన కసిరాడు. "అంతకు ముందే నా చేతిలో పోయింది. గీత పెట్టబోతుంటే వణుకొచ్చి, గుడ్డు తిరగబడింది. నీకు చెప్పలేకపోయాను. సిగ్గేసింది."

"నిజంగానా?"

"ముసలాడి చేతులమ్మా. ఎన్నని నిలుస్తాయి?"

ఆమె భోరున ఏడ్చేసింది. గుండె మీంచి బండ దిగిన ఏడుపది. ఆ గుడ్డు ఆయన తీసుకున్నాడు. బొటనవేలితో గీత తుడిచి, ఇసుకలోనే కప్పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చున్నాడు. కంచం కింద గీరుడు మొదలైంది. ఇరవై మూడింటి గోళ్లు ఆయనకు కంఠతా వచ్చు. ఇవాళ ఇంకొకటి కొత్తగా, కాస్త మెల్లగా గీరుతోంది. పక్కగదిలో కూతురు మిషన్ తొక్కుతూ కూనిరాగం తీస్తోంది. ఆ పిల్ల చెవికి ఏమీ వినబడటం లేదు. ఆయన ముద్ద కలుపుకున్నాడు.